పాటను కాపాడిన మూడు భాండారములు





దేవునికి చేయు ఉపచారములలో గీతము కూడ ఒకటి అని మీరందఱు ఎఱిగినదే. దీపము కొండెక్కినచో మరల వెలిగింపవచ్చును. పుష్పము వాడినచో ఱేపటికి మఱియొక పుష్పము పూయును. పాట మాత్రము అట్టిది కాదు. పాడినవాడు పోయి, నేర్చినవాడు లేక, వ్రాసినవాడు లేకపోయినచో ఆ ఉపచారము లోకములో మరల పుట్టదు. కనుకనే మన పెద్దలు పాటను పాడుటతో తృప్తిపడక, దానిని దాచుటకు కూడ ఎంతో శ్రమపడిరి. నేడు సంగీతకళాశాలలయందును, పరిశోధనాలయములయందును పండితులు వాగ్గేయకారుల వ్రాతప్రతులను వెదకి, సరిచూచి, భద్రపఱచుచున్నారు. ఆ నిధులు మనకు ఎట్లు దక్కినవి? అందులో దక్కినది ఎంత, దక్కనిది ఏమి? ఈ విషయమును నాకు తెలిసినంతలో విన్నవించెదను.

వాగ్గేయకారుడనగా ఎవరు?

పదమూడవ శతాబ్దమున శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరము ఈ ప్రశ్నకు స్పష్టముగా సమాధానము చెప్పినది. వాక్కునకు మాతువని పేరు. గేయమునకు ధాతువని పేరు. ఈ రెండింటిని తానే కల్పించినవాడు వాగ్గేయకారుడు. మాటలను మాత్రమే కూర్చినవాడు కవి యగును గాని వాగ్గేయకారుడు కాడు. అందువలన వాగ్గేయకారుని సొత్తును కాపాడితిమని చెప్పుకొనవలెనన్నచో మాతువును, ధాతువును రెండింటిని కాపాడియుండవలెను. ఈ కొలతను మనసున నుంచుకొని ముందునకు సాగుదము.

అక్షరమును, స్వరమును రెండింటిని చెడకుండ కాపాడుట ఎట్లో మనకు మొదట నేర్పినది వేదము. వేదపురుషుడు తాటాకును నమ్మలేదు. నోటిని, చెవిని నమ్మెను. సంహితను పదములుగా విడదీసి పదపాఠము చేసిరి. రెండేసి పదములను కలుపుచు క్రమపాఠము చేసిరి. మొదటి పదమును రెండవదానితో కలిపి, రెండవదానిని మొదటిదానితో త్రిప్పి, మరల ముందువలె చెప్పుట జటాపాఠము. అంతకంటె కఠినమైనది ఘన. ఇట్లు ఒకే మంత్రమును ముందునుండి వెనుకకు, వెనుకనుండి ముందునకు త్రిప్పి త్రిప్పి వల్లించుటచేత ఒక్క అక్షరము జాఱినను, ఒక్క అనుదాత్తము ఉదాత్తమైనను వెంటనే పట్టుబడును. పాణినీయశిక్షయందు ఆఱుగురు పాఠకాధములు చెప్పబడిరి. వారిలో లిఖితపాఠకుడు, అనగా వ్రాతను చూచి చదువువాడు ఒకడు. వ్రాతయందు అక్షరము కనబడును గాని స్వరము వినబడదు గదా అని ఆచార్యుల అభిప్రాయము.

అట్లని మన పెద్దలు వ్రాతను పూర్తిగా త్రోసివేయలేదు. సామవేదమున ఋక్కునకు గానమును చేర్చవలసి వచ్చినప్పుడు గానగ్రంథములు వేఱుగా ఏర్పడినవి. కౌథుమశాఖవారి వ్రాతప్రతులలో అక్షరములపై అంకెలు వేసి స్వరములను సూచించిరి. సామగుల స్వరములకు, వేణువు స్వరములకు గల సంబంధమును నారదీయశిక్ష వివరించినది. అంకెయే గానము కాదు. గానము నేర్చినవానికి అంకె జ్ఞాపకమును కలిగించును. నేర్వనివానికి అది కేవలము అంకెయే. వ్రాతకు తోడుగా గురువు, గురువుకు తోడుగా వ్రాత ఉండవలెను. ఇది వేదము చెప్పిన పాఠము. ఇక సంకీర్తనల చరిత్రలోనికి వత్తము.

మొదటి భాండారము: రాగిరేకు

తాళ్ళపాక అన్నమాచార్యులవారు 1408లో అవతరించి 1503లో స్వామి సాయుజ్యము పొందిరి. ఈ సంవత్సరములను మనము ఊహించి చెప్పుటలేదు. ఆధ్యాత్మ సంకీర్తనల మొదటి రాగిరేకుపైననే ఆ వివరము చెక్కబడియున్నది. అన్నమయ్యకు పదునాఱేండ్లు నిండినప్పుడు, శాలివాహన శకము 1346 క్రోధి సంవత్సరమున తిరువేంగళనాథుడు ప్రత్యక్షమైనాడనియు, అది మొదలు శకము 1424 దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు ఈ సంకీర్తనలను విన్నవించినారనియు దాని సారాంశము. అనగా సుమారు 78 సంవత్సరముల గానారాధన. దినములుగా లెక్కించినచో 28,000కు పైబడును. ఆయన మనుమడు చినతిరువేంగళనాథుడు, అనగా చిన్నన్న, ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రము సంకీర్తనల సంఖ్యను 32,000గా చెప్పుచున్నది. దినమునకు ఒక్కటికి తక్కువ కాకుండ పాడిన మహానుభావునికి అది అసంభవమైన సంఖ్య కాదు.

ఆయన కుమారులు పెదతిరుమలాచార్యులు తండ్రిగారి సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించు మహాయజ్ఞమును నడిపిరి. తాటాకు రెండు మూడు వందల ఏండ్లకు శిథిలమగును, పురుగు తినును, తేమకు చీకును. రాగి అట్లు కాదు. రాజులు దానశాసనములకు వాడు లోహమును ఈ కుటుంబము భగవత్కీర్తనలకు వాడినది. భూమిని దానమిచ్చిన రాజు తన మాట శాశ్వతముగా నిలువవలెనని రాగిపై వ్రాయించును. తండ్రి పాటయు అట్లే శాశ్వతముగా నిలువవలెనని కుమారుడు రాగిపై వ్రాయించెను. ఒక్కొక్క రేకున సాధారణముగా ఆఱేసి కీర్తనలు కలవు. ఆధ్యాత్మ సంకీర్తనలను, శృంగార సంకీర్తనలను వేఱువేఱుగా వింగడించిరి. ప్రతి కీర్తనకు తలకట్టుగా రాగము పేరు చెక్కిరి. రెండువేలకు పైబడిన రేకులను తిరుమల ఆలయములోపల ఒక చిన్న రాతి అరలో భద్రపఱచిరి. దానికే సంకీర్తన భాండారమని పేరు. తన కీర్తనలను స్వామి పాదములకు సమర్పించిన పూలుగా భావించి, వానిని నీవే దాచుకొనుమని అన్నమయ్య ఒకచోట స్వామిని వేడుకొనెను. కుమారుడు ఆ వేడుకోలును అక్షరాలా నెఱవేర్చెను.

తరువాత కాలము మాఱినది. విజయనగర సామ్రాజ్యము అస్తమించినది. ఆలయములో గానకైంకర్యపు వైభవము తగ్గినది. రేకులు మాత్రము అరలోనే యున్నవి. పందొమ్మిదవ శతాబ్దారంభమున కంపెనీ ఉద్యోగియైన కేంబెల్ దొర తెలుగు వ్యాకరణమును వ్రాయుచు, తిరుపతి కొండపై వేలకొలది రాగిరేకులు కలవని విని, వానిని చూచి రమ్మని ఒకరిని పంపెను. ఆయన వెదకినది వ్యాకరణగ్రంథము. అట్టిదొకటి దొరకినదనియు, దానికి ప్రతి వ్రాయించితిననియు, మిగిలినవన్నియు దేవుని స్తుతించు కీర్తనలే అనియు ఆయన 1816లో అచ్చైన తన వ్యాకరణపు పీఠికలో వ్రాసెను. మిగిలినవన్నియు కీర్తనలే! ఆయనను తప్పుపట్టుటకు ఈ మాట చెప్పుటలేదు. నిధి ముందు నిలిచినను, మన చేతిలోని కొలపాత్రలో పట్టినంతయే మనకు కనబడును. ఆ నిధి నిధిగా కనబడుటకు మఱి నూఱేండ్లు పట్టినది.

ఇరువదవ శతాబ్దమున దేవస్థానమువారి శాసనములను పరిశోధించిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి వంటివారు ఈ రేకుల వైపు లోకము దృష్టిని మరల్చిరి. 1930 దశకమునుండి తాళ్ళపాకవారి రచనలు అచ్చు కాజొచ్చినవి. పండిత విజయరాఘవాచార్యులవారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, గౌరిపెద్ది రామసుబ్బశర్మగారు మొదలగు పండితులు రేకు రేకును చదివి, ప్రతులు వ్రాసి, పాఠములను పరిష్కరించిరి. వేటూరివారు 1949లో చిన్నన్న రచించిన అన్నమాచార్య చరిత్రమును విపులమైన పీఠికతో ప్రకటించి, మఱుసటి సంవత్సరమే పరమపదించిరి. నేడు పండ్రెండువేలకు పైబడిన అన్నమయ్య కీర్తనలు ముద్రితములై మన చేతికి అందుచున్నవి. 32,000లో ఇంత దక్కుట రాగి చేసిన ఉపకారము.

రాగి దాచలేనిది

భక్తులారా! ఇచ్చట ఒక్క క్షణము నిలువవలెను. రేకుపై మాతువు కలదు. ధాతువు కలదా? రాగము పేరు కలదు. ఆ రాగములో ఆ కీర్తన ఎట్లు నడచినదో చెప్పు స్వరలిపి లేదు. తాళము పేరు సాధారణముగా లేదు. చెక్కించినవారికి దాని అవసరము తోచియుండదు. పాట ఇంటిల్లిపాది నోట నున్నది. ప్రతిదినము గుడిలో వినబడుచున్నది. నోట నున్నదానిని రాగిపై ఎందుకు చెక్కవలెను? ఆ నోరు ఒకనాడు మూగబోవునని వారు ఎఱుగరు. గురుశిష్యపరంపర తెగినది, మాతువు మిగిలినది, ధాతువు పోయినది.

రాగము పేరున్నది గదా, ఆ రాగములో పాడిన చాలదా అని మీరు అడుగవచ్చును. రేకులపై సామంతము, దేసాక్షి, సాళంగనాట, పాడి, బౌళి, ఆహిరి, ముఖారి మొదలగు పేర్లు కలవు. కొండమలహరి, అబాలి వంటి రాగములు నేడు పాడుకలో లేవు. పాడుకలో నున్న పేర్లైనను అప్పటి రూపమునే తెలుపునని చెప్పరాదు. ముఖారినే చూడుడు. 1550లో రామామాత్యుడు రచించిన స్వరమేళకళానిధిలో ముఖారిమేళమున స్వరములన్నియు శుద్ధస్వరములే. నేడు మన విద్వాంసులు పాడు ముఖారి ఖరహరప్రియ మేళమునకు చేరినది. పేరు ఒక్కటే; రూపము వేఱు. కనుక రేకుపై ముఖారి అని చూచి నేటి ముఖారిలో పాడినను, అన్నమయ్య పాడిన పాట అదియే అని ప్రమాణము చేయలేము.

ఈ లోటును ఎఱిగి, వినయముతో పనిచేసినవారు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు. మైసూరు మహారాజా కళాశాలలో ఆంధ్రపండితులుగా పనిచేసి, సంస్కృతాంధ్ర ప్రాకృతములయందును, సంగీతమునందును సమానపాండిత్యము గల ఆయన తిరుపతికి వచ్చి, నూటికి పైగా కీర్తనలకు స్వరరచన చేసిరి. 1974లో మద్రాసు సంగీత విద్వత్సభ ఆయనను సంగీతకళానిధి బిరుదముతో సత్కరించెను. 1979 మార్చి 11న ఆయన కీర్తిశేషులైరి. 1978లో దేవస్థానమువారు అన్నమాచార్య ప్రాజెక్టును ఆరంభించిన తరువాత అనేకులు వేలకొలది కీర్తనలకు స్వరములు కూర్చి, ఊరూర వినిపించిరి. వారందఱికి మనము ఋణపడియున్నాము. కాని ఆ వరుసలు అన్నమయ్యవి కావు. ఆయన మాటలపై నేటి భక్తులు సమర్పించిన క్రొత్త పూలు. ఆ పూలకు వాసన లేదని ఎవరు అందురు? అయినను, ఈ పూవు నేటిది అని చెప్పుట ధర్మము.

రెండవ భాండారము: శిష్యుని కంఠము

ఇపుడు కావేరీతీరమునకు వత్తము. త్యాగరాజస్వామివారు 1767లో తిరువారూరున జన్మించి, తిరువయ్యారున నివసించి, 1847లో సిద్ధిపొందిరి. ఆయన కీర్తనలను రాగిపై చెక్కించిన కుమారుడు లేడు. రాజాశ్రయమును ఆయనయే కాదనెను. అయినను ఆయన కీర్తనలు సుమారు ఏడువందలు ధాతుమాతువులతో కూడ మనకు దక్కినవి. కారణము శిష్యులు. వాలాజాపేట, తిల్లైస్థానము, ఉమయాళ్‌పురము అని ఆయన శిష్యపరంపరలు ప్రసిద్ధములు. వాలాజాపేట వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్ర కుటుంబమునకు చెందినవారు. గురువు పాడిన దానిని శ్రద్ధగా వ్రాసికొనిరి. ఆయనయు, ఆయన కుమారులు కృష్ణస్వామి భాగవతులును గురువుగారి జీవితవిశేషములను కూడ వ్రాసిపెట్టిరి. ఆ వ్రాతప్రతులు మధుర నగరములోని సౌరాష్ట్ర సభకు చేరి, తరువాతి పరిశోధకులకు మూలాధారములైనవి.

మన తెలుగుదేశమునకు ఆ గానము మఱియొక త్రోవను వచ్చినది. త్యాగరాజస్వామికి బంధువును, శిష్యుడును అయిన మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారివద్ద సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు నేర్చిరి. వారివద్ద పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారు, వారివద్ద మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు నేర్చిరి. వేదములో మనము ఋషిని, గురువును స్మరించునట్లు ఈ వరుసను కూడ స్మరింపవలెను. 1847లో ఆగిన కంఠము ఈ వరుసలో మన కాలమువఱకు ఆగలేదు.

శిష్యకంఠమునకు కూడ ఒక లోటు కలదు. ఘనపాఠము వంటి కట్టుదిట్టము సంగీతమున లేదు. ఒక్కొక్క పరంపర తన అభిరుచిని బట్టి సంగతులను చేర్చినది. ఒకే కీర్తనకు పలు పాఠాంతరములు ఏర్పడినవి. తెలుగు రాని గాయకుల నోట పదములు ఉండవలసినచోట విఱుగక మఱియొకచోట విఱిగినవి. రామునిపై భక్తిచేత, గానముపై ప్రేమచేత వారు నేర్చిరే గాని అలక్ష్యముచేత కాదు. తమ భాష కాని భాషలోని పాటను తరతరములుగా మోసిన ఆ ద్రావిడ సోదరులకు మొదట నమస్కరించి, ఆ తరువాతనే మనము పాఠమును దిద్దవలెను. తప్పొప్పులను తేల్చుటకు వాలాజాపేట వ్రాతప్రతులవంటివి అప్పుడే అక్కఱకు వచ్చును.

మూడవ భాండారము: స్వరసహిత గ్రంథము

ముత్తుస్వామి దీక్షితులవారు 1835లో ఎట్టయాపురమున సిద్ధిపొందిరి. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితుల దౌహిత్రుడును, దత్తపుత్రుడును సుబ్బరామ దీక్షితులు. ఇంటి సొత్తైన కృతులన్నియు ఆయన కంఠమున నుండెను. ఆ రోజులలో చిన్నస్వామి మొదలియారు అను విద్యావంతుడు, క్రైస్తవుడు, మన సంగీతము నశించిపోవుచున్నదని పరితపించి, కృతులను సేకరించి పాశ్చాత్య స్వరలిపిలో 1893 ప్రాంతమున అచ్చువేయించెను. ఆ పనిలో ధనము పోయెను, చూపు మందగించెను. తన యత్నము ముగియదని తెలిసి, ఆయన ఎట్టయాపురము ప్రభువును, సుబ్బరామ దీక్షితులను ప్రాధేయపడెను: ఇంటిలోని నిధిని లోకమునకు ఇండు అని. మొదట సంకోచించిన దీక్షితులు ప్రభువు ఆనతిచే అంగీకరించిరి.

దాని ఫలమే 1904లో ఎట్టయాపురము విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో అచ్చైన సంగీత సంప్రదాయ ప్రదర్శిని. ఇంచుమించు 1,700 పుటల ఆ మహాగ్రంథము తమిళదేశమున, తమిళప్రభువు పోషణమున, తెలుగుభాషలో వెలువడినది. ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229 అందు స్వరసహితముగా కలవు. రాగలక్షణములు, వేంకటమఖి సంప్రదాయపు గీతములు, వాగ్గేయకారుల చరిత్రములు కలవు. స్వరముపై గమకమును తెలుపు గుర్తులు కూడ కలవు. సామవేదపు అంకెలు చేసిన పనిని ఈ గుర్తులు కృతులకు చేసినవి. రాగిరేకు దాచలేని ధాతువును, శిష్యుని నోట మాఱిపోవు మాతువును, రెండింటిని ఒక్కచోట కట్టిపెట్టిన గ్రంథమిది. అది వెలువడిన రెండేండ్లకే, 1906లో, సుబ్బరామ దీక్షితులు దివంగతులైరి. రెండేండ్లు ఆలస్యమైనచో ఏమైయుండునో మీరే తలచుకొనుడు.

నేటి మన కర్తవ్యము

విజయనగరమున 1919లో ఏర్పడి ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా నడచిన సంగీతకళాశాల, మద్రాసున 1928లో ఏర్పడిన సంగీత విద్వత్సభ, తిరుపతిలో 1959లో వెలసిన శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల, తంజావూరి సరస్వతీమహలు గ్రంథాలయము ఈ మూడు త్రోవలను కలుపుటకు ఉపకరించు స్థానములు. ప్రతి నుండి పాఠము, గురువునుండి గానము, గ్రంథమునుండి స్వరము. ఇవి మూడును కలిసినచోటనే వాగ్గేయకారుడు పూర్తిగా బ్రదుకును.

కొందఱు ఇట్లు అందురు: భగవంతుడు భావగ్రాహి గదా! ఏ అక్షరమైతేనేమి, ఏ వరుసయైతేనేమి, భక్తి యున్న చాలును. ఈ పాతప్రతులు, ఈ పరిశోధనలు పండితుల వినోదము. దీనికి నా సమాధానము. నీవు ఒంటరిగా స్వామి యెదుట నిలిచి పాడునప్పుడు ఆ మాట నిజము. నీ నోట వచ్చిన తప్పును ఆయన మన్నించును. కాని నీవు ఆ పాటను బిడ్డకు నేర్పునప్పుడు నీవు భక్తుడవు మాత్రమే కావు, ధర్మకర్తవు. ఆలయపు నగను అలంకారము చేసి మరల అప్పగించు అర్చకుడు ఒక్క రాయి జాఱినను సమాధానము చెప్పవలెను. పాట విషయమున మనమందఱము అట్టి అర్చకులమే. స్వామి మన్నించునేమో గాని, మన చేతినుండి అందుకొను తరమునకు పోయిన రాయి ఎన్నటికి తెలియదు.

కావున మూడు మనవులు. మొదటిది: కీర్తనను నేర్చుకొనునప్పుడు పరిష్కరింపబడిన గ్రంథమునందలి పాఠముతో సరిచూచుకొనుడు, దాని వరుసను కూర్చినది ఎవరో తెలిసికొని, పాడునప్పుడు ఆ పేరు చెప్పుడు. వాగ్గేయకారుని పేరుతో పాటు స్వరకర్త పేరు చెప్పుటవలన ఎవరి కీర్తియు తగ్గదు. రెండవది: మీ ఇండ్ల అటకలపై తాతలనాటి తాళపత్రములు, భజన పుస్తకములు, పాత గానపు టేపులు ఉన్నచో చెత్తగా పాఱవేయకుడు, నదిలో కలుపుట పుణ్యమని భ్రమింపకుడు. సమీపమున గల ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకో, సంగీతకళాశాలకో, దేవస్థానమునకో అప్పగింపుడు. మూడవది: ఇంటిలోని ఒక్క బిడ్డకైనను ఒక్క కీర్తనను గురుముఖముగా నేర్పింపుడు. యంత్రమునందు విన్న పాట చెవికి చేరును. గురువు దిద్దిన పాటయే గొంతున నిలుచును.

తాళ్ళపాకవారి అరలో రేకులు నాలుగువందల ఏండ్లు మౌనముగా ఉండెను. వానిని చెక్కినవాడు ఎవడో, ఒక్కొక్క అక్షరమును ఉలితో దిద్దినవాని పేరేమో ఎవ్వరు చెప్పుకొనరు. తన చేతిపని ఎన్నడు పాడబడునో అతడు ఎఱుగడు. అయినను ఒక్క అక్షరమును అలక్ష్యము చేయక చెక్కెను. పాడుట ఎంత ఆరాధనయో, దాచుట కూడ అంత ఆరాధనయే. ఆ బుద్ధిని శ్రీనివాసుడు మనకందఱకు ప్రసాదించుగాక!

శుభం భూయాత్.